సంధ్యాదీపము



మన పాఠకురాలొకరు వ్రాసిన జాబులోని సంగతి ఈ నెల మీ ముందుంచుచున్నాను. ఆమె అత్తగారు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధురాలు. నడివయస్సున సంఘములో చేరి, నాటినుండి నేటివరకు ఆదివారపు ఆరాధన తప్పని భక్తురాలు. అయినను ప్రొద్దు గుంకగనే ఇంట దీపము వెలిగించి, రెండు చేతులు జోడించి, కన్నులు మూసికొని, పెదవులు కదల్చుట ఆమెకు చిన్ననాటి అలవాటు. ఇప్పుడు ప్రమిద పోయి విద్యుద్దీపము వచ్చినను, మీట నొక్కిన మరుక్షణమున ఆ చేతులు వాటంతటవే జోడింపబడును. కుమారునికి ఇది కంటగింపైనది. ఇది మనము విడిచివచ్చిన ఆచారమనియు, దీపమునకు మ్రొక్కుట మనకు తగదనియు అతడు తల్లిని గద్దించెనట. ఆమె మారు పలుకలేదు. ఆనాటినుండి దీపాలవేళ కాగానే పెరటివైపు పోయి, చీకటిలో అరుగుమీద ఒంటిగా కూర్చుండుచున్నదట. “అత్తయ్య చేయునది తప్పా? ఆయన అనునది ఒప్పా? నడుమ నేనేమి చేయవలెను?” అని కోడలి ప్రశ్న.

ప్రశ్న చిన్నది. కాని ఒక ముసలితల్లి తన ఇంటనే దీపము వెలిగినప్పుడు దూరముగ పోయి కూర్చుండవలసి వచ్చుట చిన్న సంగతి గాదు. కావున తక్కిన జాబులన్నిటిని ప్రక్కనుంచి ఈ నెల దీనినే విచారింతము. వెలుగను మాట మన ప్రసంగములలోను, పాటలలోను, మన బిడ్డల పేర్లలోను ఎడతెగక వినబడును. ఏ సంఘములో చూచినను ఒక జ్యోతియో, ఒక కాంతియో ఉండకపోదు. వినివిని చెవులకు అలవాటై, ఆ మాట మనస్సునకు తగులుట మానినది. పరిశుద్ధగ్రంథము వెలుగును గూర్చి చెప్పునప్పుడు ఎటువంటి వెలుగును మన కన్నులయెదుట పెట్టుచున్నదో మొదట చూచినచో, అత్తగారి సంగతి తరువాత సులభముగ తేలును.

దీపమనగనే మనము ఇత్తడి కుందినో, చిమ్నీగల లాంతరునో తలంతుము. ప్రభువు కాలమున పాలస్తీనాదేశపు సామాన్యుల దీపము అరచేతిలో ఇముడు మట్టిపాత్ర. పైభాగము మూయబడి, నడుమ నూనె పోయుటకు ఒక రంధ్రము, ప్రక్కన వత్తి నిలుచుటకు చిన్న ముక్కు ఉండును. నూనె ఒలీవనూనె, వత్తి అవిసెనారతో పేనినది. అటువంటి దీపములు త్రవ్వకములలో విస్తారముగ దొరకినవి. ఆముదపు ప్రమిదల కాలమున పెరిగిన మన అమ్మమ్మలకు దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. దాని వెలుగు ఎంత? ఈ మూల కూర్చున్నవారి ముఖము ఆ మూలవారికి పోలికపట్టునంత. అదియైనను వత్తి ఎగద్రోయుచు, మసి దులుపుచు, నూనె పోయుచు ఎవరో ఒకరు కనిపెట్టుకొని యుండినగాని నిలువదు. వెలుగనగనే సూర్యుని, మెరుపును మాత్రమే చూపు బోధకులు ఇంటి ఆడువారిని అడిగి తెలిసికొనవలసినది కొంత కలదని నా అభిప్రాయము.

యూదులకు దినము సూర్యాస్తమయముతో ఆరంభమగును. ఆదికాండము మొదటి అధ్యాయములో ప్రతిదినమునకు సాయంకాలము ముందుగను, ఉదయము తరువాతను చెప్పబడుట మీరందరు చదివినదే. ఆ లెక్కను సాయంకాలపు దీపము గడచిన దినమునకు ముగింపు గాదు, వచ్చు దినమునకు ఆరంభము. విశ్రాంతిదినమున నిప్పు రగిలింపరాదు గనుక శుక్రవారము ప్రొద్దు గుంకకమునుపే దీపము వెలిగింపవలెను. ఆ బాధ్యత ఇల్లాలిదని వారి ప్రాచీనధర్మసంగ్రహమగు మిష్నా చెప్పుచున్నది. నజరేతులో మరియమ్మ చేతిమీదుగ వెలిగిన దీపము ముందర బాలుడైన యేసు కూర్చుండెనని తలంచుట అసంగతము గాదు. పెద్దవాడైన తరువాత ఆయన చెప్పిన దీపపు ఉపమానములలో ఇంటివాసన ఉన్నది. రాజసభల వాసన లేదు.

కుంచపు మాట చూడుడు. దీపము వెలిగించి ఎవరును దానిపై కుంచము బోర్లింపరనియు, ఇంటనున్నవారికందరికి కనబడునట్లు దీపస్తంభముమీద నుంతురనియు ఆయన కొండమీద బోధించెను. ధాన్యము కొలుచు పాత్ర అది. మన తాతల నాడు కూలివారికి గింజలు కొలిచినది కూడ కుంచముతోనే. ఈ మాటను తరచుగ లోకమునకు కనబడుటను గూర్చి వ్యాఖ్యానింతురు. కాని మత్తయి వ్రాసినది ఇంటనున్నవారిని గూర్చి. లూకా వ్రాసినది లోపలికి వచ్చువారిని గూర్చి. ముందు ఇంటివారు, పిదప వచ్చువారు. ఊరి సభలలో వెలిగి ఇంటికి రాగానే కొండెక్కు భక్తి ఈ ఉపమానమునకు సరిపోదు. మరియొక సంగతి పురుషులకంటె మనకు చక్కగ తెలియును: పాత్ర బోర్లించిన దీపము కనబడకుండుటతో పోదు, గాలి చాలక కొంతసేపటికి ఆరిపోవును. కొలతలలోను, లెక్కలలోను పడి దీపమును ఆర్పుకొనిన ఇండ్లను మీరును చూచియుందురు.

పోయిన నాణెమును వెదకిన స్త్రీ కథ నాకు మరింత ప్రియమైనది. లూకా సువార్త పదునైదవ అధ్యాయములో గొఱ్ఱెను వెదకిన కాపరికిని, కుమారుని కొరకు ఎదురుచూచిన తండ్రికిని నడుమ ఈమె చీపురు పట్టుకొని నిలిచియున్నది. పది వెండినాణెములలో ఒకటి పోయినది. ఒక నాణెమనగా ఒకనాటి కూలి. ఆమె దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరకువరకు వెదకును. పగటివేళ దీపమేల? కపెర్నహూములో త్రవ్వకములవలన బయల్పడిన ఇండ్లు నల్లరాతితో కట్టినవి. గోడలు నలుపు, నేలపై పరచిన రాళ్లు నలుపు, రాళ్లనడుమ సందులు. అట్టి గదిలో జారిన నాణెము కంటికి కనబడుట కష్టము. వెలుగు దగ్గరకు పట్టి, చీపురు కొసకు గలగలమనువరకు ఊడ్వవలెను. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిన పనినే ఆమె చేసినది. ఈ కథలో వెదకునది దేవుడే గదా! పాపిని వెదకు పరలోకపు తండ్రిని నడుము వంచి ఇల్లూడ్చు పేద ఇల్లాలితో పోల్చుటకు ప్రభువు సంకోచింపలేదు. మన ప్రసంగములలో కాపరికి దొరకినంత చోటు ఈమెకు దొరకకుండుట నాకు ఎప్పుడును వింతగనే ఉండును.

ఇండ్లలోనుండి ఇక దేవాలయమునకు పోవుదము. క్రీ. శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును నాశనము చేసిరి. అది నిలిచియున్న దినములలో, పంట ఇండ్లకు చేరిన పిమ్మట వచ్చు పర్ణశాలల పండుగలో, స్త్రీల ఆవరణమందు నాలుగు ఎత్తైన బంగారు దీపస్తంభములు వెలిగించెడివారు. ఒక్కొక్క స్తంభమునకు నాలుగేసి గిన్నెలు. యాజకవంశపు యువకులు నిచ్చెనలెక్కి నూనె పోసెడివారు. వత్తులు దేనితో చేసెడివారో వినినచో మీకు నవ్వు వచ్చును: యాజకుల చినిగిపోయిన లాగులను, నడికట్లను పీలికలు చేసి! పాతగుడ్డ పారవేయ మనసొప్పని ఇల్లాండ్రము మనమే గాము. ఆ వెలుగు సోకని వాకిలి యెరూషలేములో ఉండెడిది గాదనియు, ఆ వెలుగున ఒక స్త్రీ కూర్చుండి గోధుమలు ఏరుకొనగలిగెడిదనియు యూదపెద్దలు చెప్పుకొనిరి. వెలుగు ఎంత గొప్పదో తెలుపుటకు వారు పండితుని గ్రంథమును తలపలేదు. ఆడుదాని చేటను తలచిరి. యోహాను వ్రాసినదాని ప్రకారము, ప్రభువు తాను లోకమునకు వెలుగునని చెప్పినది ఆ పండుగనాళ్ల ప్రసంగముల సందర్భమున, కానుకపెట్టె యున్నచోట. కానుకపెట్టెలుండినది ఆ స్త్రీల ఆవరణములోనే. ఆ మాట మొదట పడిన చెవులలో గోధుమలేరు చేతులుగలవారివి కూడ ఉండియుండును.

ఇక అత్తగారి చేతులు జోడించుట. ఇది సంఘమునకు క్రొత్తదా, పరాయిదా?

కార్తేజు పట్టణపువాడైన తెర్తుల్లియను క్రీ. శ. 197 ప్రాంతమున క్రైస్తవుల నడవడిని సమర్థించుచు ఒక గ్రంథము వ్రాసెను. సాయంకాలపు ప్రేమవిందు ముగిసి, చేతులు కడుగుకొని, దీపములు లోనికి వచ్చిన తరువాత ఒక్కొక్కరు లేచి దేవునికి పాట పాడుదురని ఆయన అందు చెప్పుచున్నాడు. కప్పదొకియ దేశపు బిషప్పు బసీలు క్రీ. శ. 375 ప్రాంతమున పరిశుద్ధాత్మను గూర్చి వ్రాసిన గ్రంథములో, దీపము వెలుగునప్పుడు ప్రజలు చెప్పు కృతజ్ఞతాస్తుతిని పేర్కొని, అది ఎవరు రచించినదో చెప్పలేనంత పాతదనెను. పదునారువందల యేండ్లకు పూర్వమే అది పాతది! ఆ స్తుతిగీతము గ్రీకుసంఘములలో నేటికిని ప్రతి సాయంకాలారాధనలో పాడుచున్నారు.

ఇవి పురుషులు వ్రాసిన మాటలు. ఒక స్త్రీ వ్రాసినదియు కలదు. ఎగేరియా అను భక్తురాలు క్రీ. శ. 381 మొదలు 384 వరకు, ఐరోపాఖండపు పడమటి కొసనుండి బయలుదేరి యెరూషలేము, ఐగుప్తు, సీనాయి కొండ తిరిగి చూచి, తాను చూచినదంతయు స్వదేశమందలి తన సోదరీమణులకు జాబుగ వ్రాసెను. ఆ వ్రాతప్రతి ఎన్నో శతాబ్దములు మరుగున పడి, 1884లో ఇటలీదేశపు అరెజ్జో పట్టణమున బయల్పడినది. ఆడువారు ఆడువారికి వ్రాసికొనిన జాబు గనుక అందు మనకు కావలసిన చిన్నచిన్న వివరములు మెండు. సాయంకాలము నాలుగు గంటల ప్రాంతమున అందరు ప్రభువు సమాధియున్న గుడిలో కూడుకొందురట. దీపములు, మైనపువత్తులు అన్నియు వెలిగింపగా పట్టరాని వెలుగగునట. ఆ మంట బయటినుండి తెచ్చినది గాదనియు, సమాధిగుహలో రేయింబవళ్లు వెలుగు దీపమునుండి తీసినదనియు ఆమె ప్రత్యేకముగ వ్రాసినది. పిదప పరిచారకుడు ఒక్కొక్కరి పేరు చదువుచుండగా, అక్కడ నిలిచియున్న చిన్నపిల్లలు గుంపుగ, ప్రతి పేరునకును, కరుణింపుమని ప్రభువును వేడుచు బదులు పలుకుదురట. ఈ పిల్లల సంగతి మీరు గుర్తుంచుకొనుడు. దీనితో మరల పని కలదు.

అదే కాలమున జరిగిన మరియొక సంగతిని నేను ఎప్పుడు చదివినను కన్ను చెమర్చకుండ ముగింపలేను. పైని చెప్పిన బసీలునకు మక్రీనా యని అక్కగారు ఉండెను. తండ్రి చనిపోగా ఆమె తల్లికి తోడై తమ్ములను, చెల్లెండ్రను పెంచినది. గొప్పయింటి ఆడుబిడ్డయై యుండియు, ఇంటి దాసీజనమును దాసీలుగ ఉంచక, వారితో సమముగ ఒకే పంక్తిని భుజించి, ఒకేవిధమైన పడకపై పండుకొని, ఇంటినంతయు ఒక భక్తసమాజముగ మార్చెను. కరవు వచ్చినప్పుడు దారుల వెంబడి పడియున్న ఆడుపిల్లలను తెచ్చి పోషించెను. క్రీ. శ. 379లో ఆమె అవసానకాలమున తమ్ముడు గ్రెగొరీ చూడబోయి, కన్నదంతయు తరువాత గ్రంథముగ వ్రాసెను. జ్వరముతో ఆమె శక్తి ఉడిగిపోయినది. ప్రొద్దు గుంకినది. ఎవరో గదిలోనికి దీపము తెచ్చిరి. ఆమె కన్నులు విప్పి ఆ వెలుగువైపు చూచి, దీపము వెలిగినప్పటి కృతజ్ఞతాప్రార్థన చెప్పగోరినది. గొంతు రాలేదు. పెదవుల కదలికతోను, చేతి సంజ్ఞతోను, మనస్సుతోను దానిని ముగించి, ముఖముపై సిలువగురుతు వేసికొనుటకై చేయి ఎత్తి, దీర్ఘముగ ఒక నిట్టూర్పు విడిచి, ప్రాణము విడిచెను. జీవితమంతయు ప్రతి సంధ్యవేళ చేసినపని గనుక, మాట పడిపోయినను చేయి దానిని మరువలేదు.

చెల్లెలా, నీ అత్తగారి చేతులును అట్టివే కావచ్చును.

నీ భర్త జాగ్రత్త వట్టిది గాదు. సృష్టింపబడిన వస్తువునకు మ్రొక్కరాదని అతడు పట్టుబట్టుట సరియే. దానిని హేళన చేయకుము. కాని చేతులు జోడించి నిలిచినవారి మనస్సు ఎవరియెదుట నిలిచియున్నదో పెదవులు చెప్పుమాటలను బట్టి తెలియవలెను గాని, చేతులను బట్టి తెలియదు. అతడు గద్దించుటకు ముందు తల్లిని ఒక్కమాట అడిగియుండవలసినది: అమ్మా, అప్పుడు నీవు ఏమని ప్రార్థింతువు? ఈ మాట ఎవరును అడిగినట్లు నీ జాబులో లేదు. నీవైనను అడుగుము. బహుశః నీ పేరు, నీ బిడ్డల పేర్లు, గద్దించిన కుమారుని పేరు అందు వినబడును. చిన్ననాటి మంత్రమేదైన మిగిలియున్నదని తోచినచో, చేతులను విడదీయనక్కరలేదు. పెదవులకు క్రొత్తమాట నేర్పిన చాలును. ముసలివారు నేర్వలేరనుట మన సోమరితనము.

మన దేశములోనే మలయాళపు సిరియను క్రైస్తవులు శిఖరమున సిలువగల ఇత్తడి నిలువుదీపమును తరతరములుగ వాడుచున్నారు. వారిది ఈ దేశమున అతిప్రాచీనమైన క్రైస్తవసంఘము. దీపము పెట్టినందున వారి విశ్వాసము కరగిపోయినదని ఎవరును అనలేదు. మనలో ఎందరో దీపమును మాని, క్రిస్మసునాడు కాగితపు నక్షత్రమును, కొవ్వొత్తుల ఆరాధనను మాత్రము నిశ్చింతగ ఉంచుకొన్నారు. మైనము శుద్ధము, నూనె అశుద్ధము అను న్యాయము ఏ గ్రంథములో ఉన్నదో నాకు తెలియరాలేదు.

యెషయా ప్రవక్త చెప్పగా మత్తయి సువార్త ప్రభువునకు అన్వయించిన ఒక మాటను కుమారుడు నెమ్మదిగ చదువుకొనవలెను: పొగయుచున్న అవిసెనారవత్తిని ఆయన ఆర్పడని దాని భావము. వత్తి పొగయుట ఎప్పుడు? నూనె తగ్గినప్పుడు, కొస మసిబారినప్పుడు. కన్నులు మండును, కంపు కొట్టును. విసుగుపడువాడు ఉఫ్ మని ఊది ఆర్పివేయును. ఇల్లాలు అట్లు చేయదు. పుల్లతో మసి దులిపి, వత్తి కొంచెము ముందుకు జరిపి, నూనె పోయును. మన తెలుగు ఆడువారు దీపము ఆరినదని నోటితో అననైన అనరు, కొండెక్కినదందురు. డెబ్బదియేండ్ల ముసలిదాని భక్తిలో కొంత పొగ ఉండినను ఉండుగాక. దానిని ఊది ఆర్పు అధికారము ఆమె కడుపున పుట్టినవానికి ఎవరిచ్చిరి?

ఇంతవరకు కుమారునికి చెప్పితిని, ఇక మనకు. వెలుగు కన్నులకు ఇంపుగ ఉండుటకే గాదు, దాగినదానిని బయటపెట్టుటకు కూడ వచ్చును. చెడుపనులు చేయువాడు వెలుగునొద్దకు రాడని యోహాను సువార్త చెప్పుటకు కారణమదే. ఫ్లారెన్సు నైటింగేలును దీపము చేతబట్టిన దొరసానిగ పటములలో చూచియున్నాము. నర్సుల పాఠశాలలలో పిల్లలు దీపములు పట్టి ప్రమాణము చేయుట ఆమె జ్ఞాపకార్థమే. 1854లో 38 మంది స్త్రీలతో ఆమె స్కుటారి సైనికవైద్యశాలకు వెళ్లినది. చిత్రకారులు ఆమె చేతికి పురాతనపు ముక్కుదీపము నిచ్చిరి గాని, వాస్తవముగ ఆమె పట్టినది మడత పెట్టదగిన తురుష్కదేశపు కాగితపు లాంతరు. ఆ దీపము ఎంత ప్రసిద్ధికెక్కెనో ఆమె లెక్కలపుస్తకము అంత మరుగున పడినది. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్యసంఘమువారు ఆ వైద్యశాల క్రిందనున్న మురుగుకాలువలను బాగుచేయించిన పిమ్మట మరణములు తగ్గెను. గాయములవలన చచ్చినవారికంటె నివారింపదగిన రోగములవలన చచ్చినవారే ఎక్కువయని ఆమె 1858లో అంకెలతోను, రంగుల పటములతోను దొరతనమువారికి చూపినది. రాత్రివేళ లాంతరు పట్టుకొని రోగులను పరామర్శించుట దయ. నేలక్రింది మురుగును వెలుగులోనికి తెచ్చుట అంతకంటె కష్టమైన దయ. దానికి పాటలు కట్టినవారు తక్కువ.

మన ఇండ్ల క్రిందనున్న మురుగు ఏది? దీపము క్రింద చీకటియని సామెత. పనిపిల్లకు వేరుగ గ్లాసు, పెరటిగుమ్మమువద్ద అన్నము, పండుగకు మాసిన చీర. సాయంకాలము మాత్రము కుటుంబప్రార్థన. ఆ ప్రార్థనవేళ ఆ పిల్ల ఎక్కడ ఉండును? గిన్నెలు తోముచుండును. తన సహోదరుని ద్వేషించువాడు వెలుగులో ఉన్నానని చెప్పుకొన్నను చీకటిలోనే ఉన్నాడని యోహాను మొదటి పత్రికలో వ్రాసెను. ద్వేషమనగా తిట్టి కొట్టుట మాత్రమే అనుకొందుము. మనిషిని మనిషిగ లెక్కపెట్టకుండుట దానికి పెద్దక్క. మక్రీనా దీపము చూచి చేయి ఎత్తునప్పుడు ఆ గదిలో ఆమెచుట్టు నిలిచి ఏడ్చినవారిలో, కరవునాడు దారినుండి ఆమె ఎత్తితెచ్చిన ఆడుపిల్లలు ఉండిరి. వారు ఆమెను తల్లియని పిలిచిరని గ్రెగొరీ వ్రాసెను. ఆమె సంధ్యాప్రార్థనకు విలువ వచ్చినది అక్కడ.

పదిమంది కన్యకల కథను గూర్చి కూడ ఆ జాబులో ఒక ఉపప్రశ్న కలదు: బుద్ధిగలవారు తమ నూనె ఏల పంచియీయలేదు, అది స్వార్థము గాదా యని. ఈ సందేహము పెక్కండ్రకు కలదు. నా మట్టుకు నేను గమనించినది ఒకటి. పదిమందియు నిద్రపోయిరి. నిద్ర తప్పని ఎవరును నిందింపబడలేదు. దినమంతయు చాకిరిచేసి ప్రార్థనలో కునుకు పట్టిన తల్లులు ఇందుకు భయపడనక్కరలేదు. భేదమంతయు పగలు చేసికొనిన సిద్ధములో ఉన్నది. కొన్నిటిని పొరుగింటినుండి అరువు తెచ్చుకొనవచ్చును, ఉప్పు, చింతపండు, జల్లెడ. కొన్నిటిని తేలేము. ఇంతకు మించి ఆ కథనుండి పిండనక్కరలేదు.

మన తెలుగుదేశపు సంఘములలో వెలుగును గూర్చిన ఒక ఆచారము మాత్రము, ఎవరును నేర్పకయే, సువార్తకు అతిసమీపముగ వచ్చినదని నాకు తోచును. పునరుత్థానదినమున తెల్లవారకమునుపే మనవారు సమాధులతోటకు పోవుదురు. అంతకుముందే సున్నము కొట్టించి, గడ్డి పెరికించి, పూలు పెట్టియుంచుదురు. చీకటిలో ఒక్కొక్క సమాధిపై ఒక్కొక్క కొవ్వొత్తి వెలుగును. తెల్లవారుచుండగా పాటలు మొదలగును. మగ్దలేనే మరియ ఇంకను చీకటిగ ఉండగనే సమాధియొద్దకు వచ్చెనని యోహాను వ్రాసెను గదా. లోకమున ఆ క్రొత్తవెలుగును మొదట చూచినది చీకటిలో ఏడ్చుచు వచ్చిన ఆడుది. బిడ్డను పోగొట్టుకొనిన తల్లులారా, ఆ తెల్లవారుజామున మీరు పట్టుకొను కొవ్వొత్తిని గాలికి చేయి అడ్డుపెట్టి కాపాడుకొనుట నేను చూచియున్నాను. ఆ చేతిని గూర్చి వ్రాయుటకు నాకు మాటలు చాలవు.

మెదకులో 1924 క్రిస్మసుదినమున ప్రతిష్ఠింపబడిన గొప్ప దేవాలయమును చూచినవారు అందలి రంగుటద్దముల కిటికీలను మరువరు. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము ఆ అద్దములలో ఉన్నవి. బయట ఎండ ఉన్నంతసేపు లోపలివారికి ఆ రూపములు జీవముతో కనబడును; ప్రొద్దు గుంకిన తరువాత నల్లని అద్దపు పలకలు మాత్రమే. అంత గొప్ప కట్టడమునకును సాయంకాలమున ఎవరో ఒకరు దీపము వేయవలసినదే.

ఇక మీట నొక్కగనే ఇల్లంతయు పట్టపగలగు ఈ కాలమున చేయదగినది. నూనె పోయు పని పోయినందుకు నేను విచారింపను. మసి తుడిచి కన్నులు పోగొట్టుకొనిన ఆడువారిని ఎరుగుదును. కాని నూనె పోయునంతసేపు ఇల్లు ఒక్కక్షణము నిలిచెడిది. వాకిట ఆడుపిల్లలు లోనికి వచ్చెడివారు, పొలమునుండి మగవారు వచ్చెడివారు. ఆ క్షణము మీటతో పాటు మాయమైనది. ఇప్పుడు సంధ్య వచ్చుట గూడ మనము ఎరుగము; చేతిలోని ఫోనుకు రాత్రింబవళ్లు ఒకే వెలుగు.

చెల్లెలా, రేపు సాయంకాలము ఇట్లు చేసి చూడుము. ముందుగదిలో దీపము వేయుటకు ముందు అత్తగారిని పెరటి అరుగుమీదినుండి పిలువుము. నీవు పోయి చేయిపట్టి తీసికొనిరమ్ము. మీట నొక్కుట ఆమె పని. టెలివిజను, ఫోనులు ఐదు నిమిషములు మూయబడవలెను. నీ భర్త దినమును గడిపినందుకు దేవునికి స్తోత్రము చెప్పవచ్చును. అతడు ఇష్టపడనియెడల నీవే చెప్పుము, తగవు పెట్టుకొనకుము. పిదప అత్తగారు ఇంటివారి పేర్లు ఒక్కొక్కటిగ చెప్పవలెను. ఊరిలో లేనివారివి, జ్వరముతో నున్నవారివి, మాటలు లేని బంధువులవి కూడ. ఎగేరియా చూచిన యెరూషలేము పిల్లలవలె, ప్రతి పేరునకును నీ బిడ్డలు, ప్రభువా కరుణింపుమని పలుకవలెను. చిన్నపిల్లలకు ఇది ఆటవలె ఉండును. వారే మరునాడు జ్ఞాపకము చేయుదురు. పనిపిల్లను ఆ ఐదు నిమిషములు గిన్నెలయొద్దనుండి లేపి మీతోపాటు చాపమీద కూర్చుండబెట్టుకొనుము. ఆమె ఏ మతపుదైనను సరే, ఇష్టమున్నంతవరకే. ఆమె పేరు కూడ వరుసలో రావలెను, ఆమె తల్లి పేరును అడిగి తెలిసికొని.

వారము దినములు గడచిన పిమ్మట అత్తగారు పేర్లను ఏ వరుసను చెప్పుచున్నారో, కుమారుని పేరు ఎన్నవదిగ వచ్చుచున్నదో నాకు వ్రాయుము.